పావు చుట్టు తక్కువ

బెల్లానికి రకం చెప్పడం త్రినాధరావు పని. అనకాపల్లి మార్కెట్టులో ఒక షావుకారు కొట్లో నలభై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. వరసగా పేర్చిన దిమ్మల ముందు నడుచుకుంటూ వెళ్తాడు. వేలి కణుపుతో ఒకసారి కొడతాడు, గోటితో ఇంత గిల్లి నాలిక మీద వేసుకుంటాడు, ఒక్క మాట అంటాడు. మేలు, మధ్య, నలుపు. ఆ మాట అన్నాక సుద్దముక్కతో గీత పెడతాడు. పెట్టిన గీత చెరిపిన రోజు లేదని ఆయనే చెప్పుకుంటాడు. రైతు బతిమాలినా, షావుకారు కసిరినా గీత గీతే.

ఆయన గురించి రాయాలంటే ముందు ఆ నోటి గురించి రాయాలి. దేవుడిచ్చిన నోరు, నేను తప్పు పట్టకూడదు గానీ, నలభై ఏళ్ళుగా అందులో అంత తీపి పడుతున్నా ఒక్క చుక్క మాటలోకి దిగలేదు. భార్య పెట్టిన పులుసు, పక్కింటివాళ్ళ పెళ్ళి, నూకాలమ్మ గుడికి కొత్తగా కట్టిన రంగు లైట్లు, అన్నిటికీ రకం చెబుతాడు. ఆయన నోట మేలు అన్న మాట నేను విన్నది రెండే సార్లు. రెండూ బెల్లానికే.

ఇలాంటి మనిషికి మంచు మీద ఆడపిల్లలు చేసే స్కేటింగు ఎక్కడ దొరికిందో ఆ పరమాత్ముడికే తెలియాలి. నాలుగేళ్ళ కిందట ఒక దిమ్మ జారి పాదం మీద పడి ఆరు వారాలు మంచం దిగలేదు. టీవీలో చలికాలపు ఒలింపిక్స్ వస్తున్నాయి. రిమోటు చేతికి అందని చోట ఉంది. మొదటిరోజు, ఏటీ గంతులు అన్నాడు. మూడోరోజుకి ఎవరికెన్ని మార్కులు రావాలో చెప్పేడు. వారం తిరిగేసరికి జడ్జీలకి కళ్ళు లేవన్నాడు. కాలు నయమై మార్కెట్టుకి వచ్చేడు గానీ ఆ జబ్బు మాత్రం తగ్గలేదు.

మధ్యాహ్నం వేలం అయిపోయేక ఖాళీ గోనెసంచుల మీద చతికిలబడి ఫోను తీస్తాడు. చుట్టూ హమాలీలు చేరతారు. అక్కడే ఊడ్చే మరిడమ్మ చీపురు మీద ఆనుకుని నిలబడుతుంది. నేను మా ఇంటి పెరటి పూలు మార్కెట్టు వినాయకుడికి ఇచ్చి వస్తూ ఆగేదాన్ని. దేశదేశాల పిల్లలు ఆ ఫోనులో వచ్చి తిరిగి వెళ్ళేవారు. వాళ్ళ పేర్లు ఆయనకి పలకవు, పలకాలన్న ఆశా లేదు. ఎర్రగౌను పిల్ల, నెమలికంఠం పిల్ల, పళ్ళ పిల్ల. అంతే.

ఎర్రగౌను పిల్ల లోకమంతా మెచ్చిన మనిషట. త్రినాధరావు వీడియోని నెమ్మది చేసి గోటితో చూపించేడు. మూడు చుట్లు తిరిగినట్టు కనిపిస్తుంది గానీ మొదటి అరచుట్టు నేల వదలకముందే తిరిగేసింది, ఆఖరి పావుచుట్టు నేలకి దిగేక తిరిగింది. గాల్లో ఉన్నది రెండుంపావు. తడిగోనెతో సహా కాటా వేసినట్టుందని తీర్పు. నెమలికంఠం పిల్ల ఎగరడాలన్నీ పాట చివర్లో పెట్టుకుంది, అలసిపోయేక ఎగిరితే మార్కులు ఎక్కువిస్తారని. పెళ్ళిలో కూరలన్నీ దాచి మజ్జిగప్పుడు వడ్డించినట్టుందన్నాడు. ఇంకో పిల్ల రెండు చేతులూ పైకెత్తి ఎగిరితే, అటక మీద జాడీ దించుతోందా అన్నాడు. ఒక్కచోట నిలిచి గిరగిరా తిరగాల్సిన పళ్ళ పిల్ల రెండు గజాలు పక్కకి జరిగిపోతే, అది తిరగడం కాదు ఊరేగింపన్నాడు.

పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె నాలుగు చుట్లు తిరిగి చక్కగా దిగింది. హమాలీలు చప్పట్లు కొట్టేరు. ఆయన కొట్టలేదు. ఒళ్ళింకా రాలేదు, ఈకలా ఉన్నప్పుడు ఎవరైనా ఎగురుతారు, రెండేళ్ళాగి చూడండన్నాడు. రెండేళ్ళాగి చూసేం. ఆ పిల్ల ఎక్కడా కనిపించలేదు. ఆ రోజు ఆయన ముఖం వెలిగిపోయింది. ఎక్కడో ఒక పసిపిల్ల ఆట ఆగిపోతే తన లెక్క నిజమైందని మురిసిపోయే మనిషిని చూసి నాకు ఆ పూట అన్నం సయించలేదు.

జడ్జీలంటే మరీ చులకన. మందేసి తెల్లగా చేసిన బెల్లాన్ని రంగు చూసి ఎగబడి కొనేవాళ్ళతో పోలుస్తాడు. మాటల్లో నిజముంటే ఉండొచ్చు. కానీ ఈ తీర్పులిచ్చే మనిషి సొంత గుమ్మం దిగడానికి గోడ పట్టుకుంటాడు. పుట్టి బుద్ధెరిగి ఒక చక్రం మీద నిలబడలేదు, మంచు అన్నది సోడాకొట్టు దగ్గర తప్ప చూడలేదు. ఈత రానివాడు గట్టు మీద కూచుని చేపకి వంకలు పెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది.

ఒక్కటి మాత్రం చెప్పాలి, చెప్పకపోతే పాపం. గోటితో గిల్లిన బెల్లం ముక్కల్లో నోట్లో వేసుకోనివి జేబులో వేసుకునేవాడు. సాయంత్రం పోయేటప్పుడు మరిడమ్మ చీపురు పక్కన కాగితంలో చుట్టి పెట్టేవాడు. ఇచ్చినట్టు ఉండకూడదు, మరిచిపోయినట్టు ఉండాలి. మరిడమ్మ కూడా ఏనాడూ అడగలేదు.

ఇక సుప్రియ. త్రినాధరావు చెల్లెలి మనవరాలు, మా పక్కింటి పిల్ల. దాని తల్లి పావని నర్సు. పదేళ్ళప్పుడు బళ్ళో ఎవరివో చక్రాలు కట్టుకుని ఒక చుట్టు తిరిగి వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్లకి వేరే ధ్యాస లేదు. సాయిరామ్ అనే కుర్ర మేష్టారు ఒక బడి ఆవరణలో పొద్దుటిపూట నేర్పేవాడు. మంచు లేదు కాబట్టి సిమెంటు మీద చక్రాలతో. ఎగరడం, తిరగడం, పాటకి ఆడడం అన్నీ మంచు మీదలాగే. వానాకాలం వచ్చేసరికి ఆ ఆవరణ మడుగైపోయింది. పావని మేనమామ దగ్గరికెళ్ళి అడిగింది. బెల్లం సీజను అయిపోయేక షావుకారు గోడౌను నాలుగు నెలలు ఖాళీగా ఉంటుంది, తాళం త్రినాధరావు దగ్గరుంటుంది.

ఆయన తాళం ఇచ్చేడు. దాంతోపాటు తనూ వచ్చేడు. అదే వచ్చిన చిక్కు.

సుప్రియ నేర్చుకుంటున్నది ఆక్సెల్ అనే ఎగురు. ముందుకు చూస్తూ లేచి, గాల్లో ఒకటిన్నర చుట్టు తిరిగి, వెనక్కి చూస్తూ ఒంటికాలి మీద దిగాలి. దిగినప్పుడు చక్రాలు ఎటు చూడాలో త్రినాధరావు నేల మీద సుద్దతో గీత గీసేడు. బెల్లం మీద గీసే చెయ్యే. పిల్ల ఎగిరేది, ఆయన ఫోనులో తీసి నెమ్మది చేసి చూసేవాడు, తలెత్తకుండా అనేవాడు, "పావు తక్కువ."

రెండు వానాకాలాలు. మిగతా నెలల్లో బడి ఆవరణలో అడుగులూ పాటా దిద్దుకోవడం తప్ప ఆక్సెల్ జోలికి పోయేది కాదు. రోజుకి ముప్పైసార్లు ఎగిరితే ముప్పైసార్లూ అదే మాట. పిల్ల మోకాళ్ళు చెక్కుకుపోయేవి. నేను కొబ్బరినూనె పట్టుకెళ్ళి రాసేదాన్ని. గోడౌనులో అడుగు పెట్టినప్పుడల్లా నా చెప్పులు చప్ చప్‌మని నేలని వదల్లేక వదిలేవి. ఎన్నో ఏళ్ళ బెల్లపు పాకం కారి ఆ సిమెంటులో ఇంకిపోయింది. వాన ముసురు పడితే నేల చెమర్చేది. మార్కెట్టు పక్కన బతికేవాళ్ళం, కాళ్ళకి జిగురంటడం మాకు వింత కాదు. కడుక్కుని లోపలికెళ్తాం.

సాయిరామ్ ఒకసారి వచ్చి చూసేడు. తనూ నాలుగు అడుగులు తిరిగి, నేల చక్రాన్ని పట్టేస్తోందని, సోడా వేసి వేడినీళ్ళతో కడిగిస్తే మంచిదని మెల్లగా అన్నాడు. త్రినాధరావు అతన్ని కిందనుంచి పైకి చూసేడు.

"నలభై ఏళ్ళు ఈ నేల మీద వట్టికాళ్ళతో నడిసేను. నాకు తెలీని జిగురేటి? ఆడలేక మద్దెల ఓడన్నాది నీలాటోడే."

సాయిరామ్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఫీజు కట్టలేని ఇద్దరు పిల్లలకి ఊరికే నేర్పే మనిషి, గొడవలంటే భయం.

పిల్లకి పదమూడు నిండేయి. వచ్చే ఏడు తొమ్మిదో తరగతి, ఆపైన పది. పావనికి డ్యూటీలతోనే సరిపోతోంది. జిల్లా తరఫున ఆడే పిల్లల్ని ఎంచడానికి విశాఖపట్నంలో పోటీ పెడుతున్నారని తెలిసేక, తల్లి ఒక మాట అనేసింది. అందులో పిల్లకి నిజంగా సరుకుందని తేలితే ఆడుకోనిస్తుంది, లేకపోతే స్కేట్లు అమ్మేసి చదువు చూసుకోవాలి. తేల్చేదెవరు? ఆ ఇంట్లో గేదెని కొన్నా మేనమామే రకం చెప్పాలి. అప్పటికే ఆయన చెప్పేసి ఉన్నాడు కూడా. పిల్ల వింటుండగానే, తల దువ్వుకుంటూ అన్నాడు.

"మధ్యరకం. మంచిపిల్లే. పైకెళ్ళే సరుకు కాదు."

ఆ మాటకి సుప్రియ ఏడవలేదు. వెళ్ళి చక్రాల్లో పడ్డ చీమల్ని పుల్లతో ఒక్కొక్కటీ తీసి బయట వదిలింది. ఆ పిల్లకి ఈ ఆట తప్ప ఇంకేం అక్కర్లేదని, ఇది పోతే ఏమైపోతుందోనని నాకు ఆ క్షణాన భయమేసింది.

మా జిల్లాకి సొంత స్కేటింగు రింకు లేదు. విశాఖలో ఒక క్లబ్బువాళ్ళది అద్దెకి తీసుకున్నారు. పావని, సుప్రియ, త్రినాధరావు, తోడుగా నేను బస్సెక్కేం. రింకు నేల అద్దంలా ఉంది, పైనున్న దీపాలు అందులో కనిపిస్తున్నాయి. ముగ్గురు జడ్జీలు. ఒకాయన ఫోను మాట్లాడుతూ మార్కులు వేసేడు. ఒకావిడ పిల్లల కాళ్ళు చూడలేదు, గౌనుల మీది మెరుపులు చూసింది. మూడో ఆయన ఎవరి తండ్రి వచ్చేడో, ఏ కార్లో వచ్చేడో చూసేడు. పిల్లలు నెలల తరబడి పడి లేచింది వీళ్ళ ముందు నిలబడడానికా అనుకున్నాను. త్రినాధరావు ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లు వీళ్ళకి చేరితే బాగుణ్ణనిపించింది. దేవుడు క్షమించాలి.

సుప్రియ పాట మొదలైంది. మొదటి ఆక్సెల్‌కి లేచింది. అంత ఎత్తు లేవడం నేనెప్పుడూ చూడలేదు. దిగింది, దిగిన కాలు ఆగకుండా జారిపోయి తుంటి మీద పడింది. లేచింది. రెండోసారి ఎగిరింది, మళ్ళీ అలాగే పడింది. మిగతా అంతా తప్పులేకుండా ఆడి, దణ్ణం పెట్టి వచ్చేసింది. ఏడుగురిలో ఆరోది. మొదటి చోటు వచ్చిన పిల్ల అసలు ఆక్సెల్ జోలికే పోలేదు. ఆ పిల్లని నేనేం అనను. దానిది చిన్నతనం.

తిరుగు బస్సులో సుప్రియ కిటికీకి ఆనుకుని నిద్ర నటించింది. పావని మేనమామ వైపు తిరిగి, స్కేట్లు కొంటామని చోడవరంలో ఎవరో అడుగుతున్నారనీ, రేపే కబురు పెట్టేస్తాననీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మావయ్యా, నువ్వేటంతావు?"

మామూలుగా అయితే ఆ నోరు దారిలో లంకెలపాలెం రాకముందే పిల్లని ముక్కలు చేసి ఉండేది. ఆయన పలకలేదు. ఫోనులో తను తీసిన వీడియో చూస్తున్నాడు. ఎగిరింది, దిగింది, పడింది. వెనక్కి. ఎగిరింది, దిగింది, పడింది. పక్క సీటులోంచి నాకూ కనిపిస్తోంది. గోటితో తెర మీద గీత గీసి చూసుకుంటున్నాడు. మళ్ళీ గీసేడు. అనకాపల్లిలో దిగి ఇంటికి రాకుండా మార్కెట్టు వైపు వెళ్ళిపోయేడు. పావని ఆ మౌనాన్ని తీర్పనుకుంది. మధ్యరకం కూడా కాదన్నమాట అని నాతో అంది.

తెల్లారి పావని స్కేట్లు సంచిలో వేసుకుని బయల్దేరింది. గోడౌనులో పిల్ల మోకాలి పట్టీలు ఉండిపోయేయి, అవి కూడా కలిపి ఇచ్చేయాలని. సుప్రియ వెనకాల నడిచింది, నేనూ వెళ్ళేను.

తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల రెండు పొయ్యిల మీద నీళ్ళు కాగుతున్నాయి. ఆ మహానుభావుడు పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కూచుని, కొబ్బరిపీచుతో నేల రుద్దుతున్నాడు. పొద్దు పొడవకముందే మొదలెట్టేడట. మరిడమ్మ పక్కన నీళ్ళు పోస్తోంది. వెళ్ళిపొమ్మని రెండుసార్లు కసిరేడనీ, తను వినిపించుకోలేదనీ నాతో మెల్లగా చెప్పింది. నేల సగం తెల్లగా తేలింది. మిగతా సగం ఎప్పటిలాగే ముదురు గోధుమరంగులో ఉంది. రెండిటి మధ్యా గట్టులా స్పష్టంగా తెలుస్తోంది. అంత మందాన పేరుకుపోయిందని, అందులోనే ఇన్నేళ్ళు నడిచేమని మాలో ఎవరికీ తెలీదు.

ఏటి మావయ్యా ఇది అని పావని అడిగితే ఆయన తలెత్తలేదు. ఫోను తీసి నేల మీద తోసేడు. రింకులో పిల్ల దిగిన చోట వీడియో ఆగి ఉంది. చక్రాలు చూడాల్సిన వైపు దాటి చూస్తున్నాయి.

"పావు ఎక్కువ తిరిగినాది," అన్నాడు. "ఇక్కడ పావు తక్కువ, అక్కడ పావు ఎక్కువ. కాళ్ళు అవే, పిల్ల అదే. జిగట్లోంచి పీక్కుని ఎగరడం నేర్పేను దీనికి. నున్నటి నేల మీద ఆగుద్దేటి మరి? మద్దెలే ఓడు."

రెండేళ్ళుగా ఆ పిల్లని తూచిన కాటాయే తప్పన్నమాట. లోకంలో పిల్లలందరి పాదాల కింద పావు చుట్టు దొంగతనాన్ని ఏడు సముద్రాల ఇవతల నుంచి పట్టుకున్న కళ్ళు, తన అరికాలి కింది పాకాన్ని చూడలేదు. సాయిరామ్ చెబితే చూడనివ్వలేదు. ఒక పిల్లకి సరుకు లేదని గీత పెట్టేసి తల దువ్వుకున్నాడు. నాకు జాలి రావాల్సింది. రాలేదు. అమ్మవారి ముందు కూడా అదే చెబుతాను. ఆ మోకాళ్ళు నొప్పెట్టాలనే అనుకున్నాను.

సాయిరామ్‌కి పొద్దున్నే ఫోను చేసేడట. క్షమించమని కాదు. నువ్వు ఒక్కసారే చెప్పి ఊరుకున్నావు, గట్టిగా రెండోసారి చెప్పకపోతే అది చెప్పడం ఎలాగవుద్దని దెబ్బలాడేడట. ఆ కుర్రాడు మాత్రం సరే సార్, వస్తానన్నాడు.

పావని ఇంకా సంచి దించలేదు. సంవత్సరాల తరబడి నమ్మిన మాట ఒక్క వీడియోతో మారిపోతే ఏ తల్లయినా అలాగే నిలబడుతుంది. మరయితే దీనికి సరుకుందంతావా అని సూటిగా అడిగింది.

తెల్లబడిన నేల మీద సుద్దగీత ఇంకా ఉంది. రెండు వానాకాలాలు రోజూ దిద్దిన గీత, సిమెంటులోకి దిగిపోయింది. ఆయన తడి పీచుతో దాన్ని తుడవడం మొదలెట్టేడు. ఓ పట్టాన పోలేదు. అరచేత్తో రుద్దేడు, గోటితో గీకేడు. చివరికి పోయింది. నలభై ఏళ్ళలో ఆ మనిషి చెరిపిన మొదటి గీత అది.

"కట్టు," అన్నాడు సుప్రియతో, నేల వైపే చూస్తూ.

పిల్ల తల్లి చేతిలోంచి సంచి తీసుకుంది. పావని వదిలింది. ఆరిన సగంలో సుప్రియ రెండు చుట్లు మెల్లగా తిరిగి నేలని పరిచయం చేసుకుంది. ఎగిరింది. దాటిపోయి పడింది. మళ్ళీ ఎగిరింది, పడింది. మూడోసారి లేచినప్పుడు గాల్లోనే చేతులు కాస్త విప్పడం కనిపించింది. దిగిన కాలు ఊగింది, జారబోయింది, నిలిచింది. వెనక్కి జారుతూ వచ్చి గోడకి చెయ్యి ఆనించి ఆగింది.

మరిడమ్మ చెంబు కింద పెట్టి చప్పట్లు కొట్టింది. పావని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరం త్రినాధరావు నోటి వైపు చూసేం.

"దిగడం దరిద్రంగా ఉన్నాది," అన్నాడు. "ఆ చేతులేటి, కోడిని తోలుతున్నట్టు." తర్వాత పావనితో అన్నాడు, "సోడవరం వోళ్ళకి నేదని సెప్పీ."

మేలు అనలేదు. ఆ మాట ఆ గొంతులోంచి రాదు, వస్తే చచ్చిపోతాడేమో. తన అంగీ జేబులోంచి సుద్దముక్క తీసి పిల్ల వైపు చాపేడు. ఇకమీదట గీత ఆ పిల్లనే గీసుకోమన్నాడు.

సుప్రియ సుద్ద తీసుకుంది. వెంటనే గీయలేదు. గోడౌనంతా ఒకసారి కలియజూసింది, ఆయన రుద్దిన చోటు, రుద్దాల్సిన చోటు. తలుపు వెనక మూల దాకా వెళ్ళి చక్రంతో నేలని తట్టి చూసింది. చప్‌మంది.

"తాతా," అంది తలెత్తకుండా, అచ్చం ఆయనలాగే. "నీ తోమడం పావు తక్కువ."

త్రినాధరావు పీచు తీసుకుని, గోడ పట్టుకుని లేచి, ఆ మూలకి వెళ్ళి మళ్ళీ మోకాళ్ళ మీద కూచున్నాడు. నేను మరిడమ్మకి రెండో బిందె అందించేను.